ముందు చెత్త బండి వెనకాల నడువు

సౌమ్యకి,

ఆశీస్సులు. మీ కాలేజీలో ఎకో క్లబ్ బాధ్యత నీకిచ్చారని, పోస్టర్లు ఎన్ని అంటించినా పిల్లలు పట్టించుకోవడం లేదని బాధపడుతున్నావట. అమ్మ చెప్పింది. ఎన్.ఎస్.ఎస్. పనుల్లో చాలా ఏళ్లు తిరిగినదాన్ని కదా, నాకు తెలిసింది రాస్తున్నాను.

పిల్లలకి పట్టదన్న మాట నేను ఒప్పుకోను తల్లీ. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చిపోయాక వైజాగ్‌లో నీడనిచ్చే చెట్టే మిగల్లేదు. కరెంటు లేదు, నీళ్లు లేవు. అయినా మా హాస్టల్ పిల్లలు రోజుల తరబడి కొమ్మలు ఈడ్చి దారులు చేశారు. వాళ్లకి ఏ పోస్టరూ చూపించలేదు. పని కళ్లెదుట ఉంది, చేస్తే ఫలితం కనిపించింది.

ఆ ఫలితం కనిపించకపోతే ఏమవుతుందో కూడా చూశాను. మా కాలేజీలో తడి చెత్తకి ఆకుపచ్చ బుట్టలు, పొడి చెత్తకి నీలం బుట్టలు పెట్టించాను. రెండు వారాలు ఎంత శ్రద్ధగా వేశారో! ఒకరోజు పొద్దున్నే సెకండియర్ అమ్మాయి ఒకతె నన్ను వరండాలోకి పిలిచి కిందికి చూపించింది. రెండు బుట్టలూ ఒకే తోపుడు బండిలోకి బోర్లిస్తున్నారు. సాంబారన్నం, అరటి తొక్కల మీద కాగితాలు పడి తడిసిపోతున్నాయి. "మరి మా చేత ఎందుకు వేరు చేయిస్తున్నారు మేడమ్?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ వారంతో అందరూ మానేశారు. అది వాళ్ల తప్పు కాదు. తడి, పొడి, ప్రమాదకరమైన చెత్త వేరుగా ఇవ్వాలని అప్పట్లో అమల్లో ఉన్న 2016 నాటి నిబంధనలు చెబుతున్నాయని క్లాసులో చెప్పాను గానీ, ఆ చెత్త ఎటు పోతోందో ఒక్కరోజూ వెళ్లి చూడలేదు.

బండి తోసే ఆవిడని అడగాలన్న ఆలోచన రావడానికి నాకు మూడు నెలలు పట్టింది. "ఒక్క బండే ఇచ్చారమ్మా, రెండుసార్లు తిరగాలంటే మధ్యాహ్నం అయిపోద్ది" అంది. బండి పక్కన పొడి చెత్తకి ఒక గోనె సంచి కట్టాం. అంతే, పని జరిగిపోయింది. కానీ పోయిన నమ్మకం తిరిగి రావడానికి ఇంకో ఏడాది పట్టింది. అందుకే చెబుతున్నా, ఒక వారం పోస్టర్లు పక్కన పెట్టి చెత్త బండి వెనకాల నడువు. తోసేవాళ్లతో మాట్లాడు. తర్వాతే పిల్లల్ని అడుగు.

మెస్ విషయంలో కూడా ఉపన్యాసాలు వద్దు. చేతులు కడుక్కునే చోట పారేసిన అన్నం బకెట్ ఉంటుంది కదా, రోజూ తూచి ఆ బరువు బోర్డు మీద సుద్దతో రాయి. ఎవర్నీ ఏమీ అనకు. మా హాస్టల్లో అలా రాస్తుంటే పిల్లలే వచ్చి, "మొదటిసారే అంత పెద్ద గరిటెతో వడ్డిస్తే ఎలా తింటాం?" అన్నారు. నిజమే. చిన్న గరిటె పెట్టి, కావలసినవాళ్లని మళ్లీ వడ్డించుకోమన్నాం. బకెట్ తేలికైంది.

పేపర్ కప్పు మంచిదని మీవాళ్లు అనుకుంటూ ఉంటారు. దాని లోపల కూడా పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. క్యాంటీన్‌లో స్టీలు గ్లాసు అడగండి. గ్లాసులు కడిగే మనిషికి జీతం ఎవరిస్తారో ముందే తేల్చుకోండి, లేకపోతే నెల తిరిగేసరికి కప్పులు మళ్లీ వచ్చేస్తాయి.

పర్యావరణ దినోత్సవమని జూన్ 5న మొక్కలు నాటొద్దు. అప్పటికి మనకి ఎండలు మండిపోతూ ఉంటాయి. జులైలో వాన పడ్డాక పది వేప, కానుగ మొక్కలు చాలు. ఒక్కో మొక్కకి ఇద్దరి పేర్లు రాయి, వేసవి సెలవుల్లో ఎవరు నీళ్లు పోస్తారో కూడా రాయి. ఆర్కే బీచ్ క్లీనింగ్‌కి రమ్మంటే అందరూ వస్తారు, రానీ. కానీ టిఫిన్లు ప్లాస్టిక్ కవర్లలో తెప్పించకు. తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వచ్చే తీరం అది.

నా పాత స్ప్రింగ్ కాటా అటక మీదే ఉంది, తుడిచి పెడతాను. ఆదివారం ఎంవీపీ కాలనీకి వచ్చి పట్టుకెళ్లు, భోజనం ఇక్కడే.

మీ పెద్దమ్మ