ప్రొద్దుటూరు చెల్లెలికి

కడప నుంచి

చెల్లీ,

నీ ఉత్తరం అందింది. నువ్వు పంపిన మూడు మేకప్ వీడియోలూ చూశాను. రెండు రివ్యూలనైతే రెండేసి సార్లు చదివాను. "అక్కా, మొహమాటం పెట్టుకోకుండా చెప్పు" అన్నావు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

నీది మంచి చెయ్యి. కాటుక దిద్దేటప్పుడు రెప్ప కదలకుండా చూపుడువేలితో పట్టుకున్న తీరు చూస్తే, ఇది ఎక్కడో వీడియోలో చూసి నేర్చుకున్నది కాదు, ఇంట్లో ఎవరో నేర్పినది అనిపించింది. మీ అవ్వేనా? అయితే ఆమెను ఒకసారి కెమెరా ముందు కూర్చోబెట్టు.

నన్ను బాధపెట్టిన మాట ఒకటుంది. లిప్‌స్టిక్ రివ్యూలో "పొద్దున పెట్టుకుంటే రాత్రిదాకా చెక్కుచెదరదు" అని రాశావు. దాని వీడియోలో కొరియర్ కవరు చింపావు, పెట్టుకుని చూపించావు, ముగించావు. వెనక కిటికీలో వెలుగు కూడా మారలేదు. ఆ రంగు నీ పెదాల మీద గంటసేపైనా లేదు. అది పెట్టుకుని ఇంత సంగటి, ఊరిబిండి తిని, నాలుగింటికి టీ తాగి, దీపాలు పెట్టే వేళకు అద్దంలో చూసుకుని ఏం మిగిలిందో రాసుంటే, నేను ఆ రివ్యూను పది మందికి పంపేదాన్ని.

నిన్ను తప్పుపట్టే ముందు నేను చేసిన తప్పు చెప్పాలి. నేనూ నీలాగే వీటి గురించి రాయడం మొదలుపెట్టిన రెండో ఏడాది, ఒక పత్రికలో చదివినదాన్ని నా మాటల్లో తిరగరాశాను. నిమ్మరసంలో పసుపు కలిపి 20 నిమిషాలు ముఖానికి పట్టిస్తే మచ్చలు పోతాయని. నేను ఒక్కసారి కూడా పూసుకుని చూడలేదు. నిమ్మకాయ పెరట్లో ఉంది, పసుపు మన మైదుకూరు వైపు పండేదే, ఇందులో ఏం హాని ఉంటుందిలే అనుకున్నాను.

మూడు వారాల తర్వాత ఒక అమ్మాయి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. వై.వి. స్ట్రీట్‌లో బట్టల షాపులో పనిచేసే పిల్ల. చున్నీ ముఖానికి చుట్టుకుని వచ్చి, లోపలికి వచ్చాకే తీసింది. ఎడమ చెంప మీద నాలుగు వేళ్ళ వెడల్పు ముదురు మచ్చ. దాని కింద, రసం ఎక్కడెక్కడ కారిందో అక్కడంతా గడ్డందాకా సన్నటి చారలు. వేలితో గీసినట్టు కనపడుతున్నాయి. నన్ను తిడుతుందేమో అనుకున్నాను. ఆ పిల్ల అడిగింది ఒకటే మాట: "అక్కా, మీరు చెప్పినట్టే చేసినా. ఇంకా ఎన్ని రోజులు పూసుకోవాల?"

తప్పు నాదని ఆమెకు తోచనే లేదు. తాను సరిగ్గా చేయలేదేమో, ఇంకా చేయాలేమో అనుకుంది.

ఆమె పొద్దున్నే ఆ ముద్ద పూసుకుని, నీళ్ళతో పైపైన కడిగేసుకుని, పదింటికి ఆటో కోసం ఎండలో నిలబడేది. ఏప్రిల్ నెల, కడప ఎండ. నిమ్మలో ఫ్యూరోకౌమరిన్లు అనే పదార్థాలు ఉంటాయి. అవి చర్మం మీద ఉండగా ఎండలోని యూవీఏ కిరణాలు తగిలితే చర్మం కాలుతుంది, ఆ తర్వాత నల్లగా మచ్చ కట్టి నెలల తరబడి ఉంటుంది. అదీగాక పులుపును కొలిచే పీహెచ్ లెక్కలో నిమ్మరసం 2 దగ్గర ఉంటే మన చర్మం 5 దగ్గర; ఆ అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. ఇదంతా నేను తెలుసుకున్నది ఆ పిల్లను చర్మం డాక్టరు దగ్గరకు తీసుకుపోయాక. మచ్చ మామూలు రంగుకు రావడానికి ఐదు నెలలు పట్టింది. ఆ వ్యాసం తీసేశాను. తీసేస్తే చదివినవాళ్ళకు తెలియదు కదా అని, నేను రాసింది ఎందుకు తప్పో చెబుతూ ఇంకొకటి రాశాను. నేను రాసినవాటిలో ఎక్కువమంది చదివింది ఇప్పటికీ అదే.

అప్పటినుంచి నాకు నేను పెట్టుకున్న పద్ధతి ఇది. పెదాలకో కళ్ళకో పెట్టుకునేదైతే, ఒక పూర్తి రోజు పెట్టుకోకుండా రాయను. క్రీమో సీరమో అయితే కనీసం నాలుగు వారాలు. అంతకంటే ముందు, మోచేతి మడతలో రూపాయి బిళ్ళంత చోట వారం రోజులు ఉదయం, సాయంత్రం రాసి చూస్తాను. జుట్టు రంగుల విషయంలో మరీ జాగ్రత్త. పీపీడీ అనే పదార్థం చాలా డైలలో ఉంటుంది, నల్ల మెహందీ అని తిరునాళ్ళలో అమ్మే కోన్లలోనూ కలుపుతారు. పడనివాళ్ళకు చేతి మీద ఆ డిజైన్ ఆకారంలోనే బొబ్బలు లేస్తాయి. దీనివల్ల నేను నెలకు రెండు మూడు కంటే ఎక్కువ రాయలేను. రోజూ ఒకటి పెట్టేవాళ్ళను చూసి నువ్వు టెన్షన్ పడుతున్నావని ఉత్తరంలోనే తెలుస్తోంది. పడొద్దు. ఒక మనిషికి ఉండేది ఒక్క ముఖమే, దానిమీద రోజుకో కొత్త క్రీము పరీక్షించడం ఎవరివల్లా కాదు.

ఇక భాష. నీ రెండో రివ్యూలో "మెలాస్మా ఉన్నవారు" అని రాశావు. మనూరిలో దాన్ని మంగు అంటారు. మంగు అని రాస్తే మీ అవ్వకూ తెలుస్తుంది, నలభై ఏళ్ళకు బుగ్గల మీద మచ్చలు వచ్చి ఎవరినడగాలో తెలియక కూర్చున్న మీ పక్కింటామెకూ తెలుస్తుంది. చామనఛాయ అనే అందమైన మాట ఉండగా "మీడియం స్కిన్ టోన్" ఎందుకు? ఫౌండేషన్, ప్రైమర్, సన్‌స్క్రీన్ లాంటివి వదిలెయ్, అవి షాపులో అడిగే పేర్లే. కానీ "గ్లోయింగ్", "ఫ్లాలెస్" అని వరసపెట్టి రాస్తే చదివేవాళ్ళకు కంటికి ఏమీ కనపడదు. "పదకొండింటికి ముక్కు పక్కన నూనె తేలింది, రెండింటికి గడ్డం దగ్గర పొరలు పొరలుగా లేచింది" అని రాయి. ఎక్కడ తేలిందో, ఎన్నింటికి తేలిందో, అదే రివ్యూ.

మన ఎండను కూడా లెక్కలోకి తీసుకో. బయటి దేశాలవాళ్ళు చలిలో కూర్చుని చెప్పినది మే నెలలో ప్రొద్దుటూరు బస్టాండులో నిలబడదు. మన బోరు నీళ్ళకు సబ్బు నురగ రాదు. ఆ నీళ్ళతో కడిగితే జుట్టు పీచులా అవుతుంది, తప్పంతా షాంపూదని మనం రాసేస్తాం. ఒకసారి ఫిల్టరు నీళ్ళతో కడిగి చూడు, రెండూ పక్కపక్కన పెట్టి రాయి. సన్‌స్క్రీన్ గురించి అడిగావు. దాని మీద ఎస్‌పీఎఫ్ అని ఒక నంబరు ఉంటుంది. ఎస్‌పీఎఫ్ 30 ఎండలో చర్మాన్ని కమిలించే యూవీబీ కిరణాల్లో సుమారు 97 శాతం ఆపితే, 50 ఆపేది సుమారు 98. మనవాళ్ళు ఆ నంబరు కోసం డబ్బులు ఎక్కువ పెట్టి, శనగగింజంత తీసి పూస్తారు. ముఖానికీ మెడకూ రెండు వేళ్ళ పొడవునా గీత గీసినంత కావాలి, ఎండలో ఉంటే రెండు గంటలకోసారి మళ్ళీ. అంత పూసినప్పుడు నీ చామనఛాయ మీద బూడిద రాసినట్టు తెల్లగా కనపడుతుందా లేదా అన్నది నువ్వు చూపించాలి. తెల్లతోలు ఉన్నవాళ్ళ వీడియోలో అది ఎప్పటికీ కనపడదు.

పౌడరు గురించి రాసేటప్పుడు ఒక సంగతి గుర్తుపెట్టుకో. టాల్కం అంటే బలపం రాయి పొడి. బేతంచెర్ల, తాడిపత్రి వైపు గనుల్లో దొరికేది అదే. మనం చిన్నప్పుడు పలక మీద రాసిన బలపం, అమ్మ చెంపలకు అద్దిన పౌడరు ఒకే రాయి. ఇది రాస్తే మన ఊరి పిల్లలు కళ్ళు పెద్దవి చేసుకుని చదువుతారు. ఇలాంటివి మన నేలలో ఇంకా ఉన్నాయి, వెతుకు.

తెల్లబడే క్రీముల దగ్గర మాత్రం ఒక్క అడుగు కూడా వెనక్కి వెయ్యొద్దు. "ఏడు రోజుల్లో తెలుపు" అని ఒక్క వాక్యం చెప్పమని నాకు మూడుసార్లు మెయిల్ వచ్చింది, నేను నెలంతా సంపాదించేదానికంటే ఎక్కువ ఇస్తామన్నారు. ఫ్యాన్సీ షాపుల్లో పేరూ ఊరూ లేని డబ్బాల్లో అమ్మేవాటిలో కొన్నింట్లో పాదరసం ఉంటుంది, కొన్నింట్లో స్టెరాయిడ్. స్టెరాయిడ్ క్రీము పూస్తే నాలుగు రోజుల్లో ముఖం నిజంగానే తేటపడుతుంది, అందుకే జనం నమ్ముతారు. మానేస్తే మంట, ఎరుపు, మొటిమలు. పూస్తూ పోతే చర్మం పలచబడి కింది రక్తనాళాలు కనపడతాయి. 2018లో ప్రభుత్వం ఇలాంటి చాలా పూత మందులను షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా ఫేస్ క్రీము అడిగినట్టు అడిగి కొనుక్కుంటున్నారు. ఏ డబ్బా చేతికి వచ్చినా ముందు వెనక్కి తిప్పి చూడు. తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, చిరునామా, వాడకం గడువు ఉండాలి. అవి లేని డబ్బాను తిట్టడానికి కూడా ముఖానికి పూసుకోవద్దు.

2020లో ఫెయిర్ అండ్ లవ్లీ తన పేరులోంచి ఫెయిర్ తీసేసి గ్లో పెట్టుకుంది. మన పెళ్ళిచూపుల్లో మాట మాత్రం మారలేదు. నీ వీడియో కింద "నల్లగుండావు, నీకెందుకు మేకప్" అని ఎవరో రాశారని ఏడ్చానన్నావు. నాకూ రాశారు, ఇప్పటికీ రాస్తారు. రాత్రి పదకొండు దాటాక కామెంట్లు చదవొద్దు, ఆ వేళకు మనసు మెత్తగా ఉంటుంది. ఆ కామెంటు కింద ఇంకో అమ్మాయి "నాది కూడా నీ రంగే, ఈ షేడ్ నంబరు చెప్పవా" అని అడిగింది. నువ్వు జవాబు ఇవ్వలేదు. ఆమెకు ఇవ్వు.

డబ్బు సంగతి. ఉచితంగా వచ్చినదాన్ని ఉచితమని, డబ్బు తీసుకున్నదాన్ని ప్రకటన అని మొదట్లోనే, కనపడేలా చెప్పాలి. 2021లో ప్రకటనల మండలి ఆస్కీ ఈ నియమం పెట్టింది, 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల శాఖ కూడా చెప్పింది. తప్పుదారి పట్టించే ప్రచారం చేసినవాళ్ళకు 10 లక్షలదాకా, మళ్ళీ చేస్తే 50 లక్షలదాకా జరిమానా పడవచ్చు. ఇంకొకటి, 2022 జూలై నుంచి ఒక కంపెనీ ఏడాదిలో నీకిచ్చే వస్తువుల విలువ 20,000 రూపాయలు దాటితే వాళ్ళు 10 శాతం టీడీఎస్, అంటే ముందే పట్టుకునే ఆదాయపు పన్ను, కట్టాలి. వస్తువు తిరిగి పంపేస్తే ఆ లెక్కలోకి రాదు. ఏది వచ్చింది, ఏది పంపేశావు, ఒక నోటుబుక్కులో రాసుకో.

ఆ నోటుబుక్కే మీ నాయనకు చూపించు. "ముఖానికి రంగులేసుకునేది కూడా ఒక పనేనా" అన్నారని రాశావు. మా నాయనా అదే అన్నాడు. రెండేళ్ళు నేను డాబా మీద, తెల్లారి ఆరున్నరకు, ఆయన పాల కోసం పోయిన టైములో వీడియోలు తీశాను. ఆ వెలుగు మంచిది, ఖర్చు లేదు, పక్కింటి మిక్సీ చప్పుడు కూడా అప్పటికి మొదలుకాదు. తర్వాత ఒకరోజు ఆ బట్టల షాపు పిల్ల మచ్చ తగ్గిందని చెప్పడానికి ఇంటికి వచ్చింది. నాయనే తలుపు తీశాడు. ఆమె ఏం చెప్పిందో నేను వినలేదు, వంటింట్లో ఉన్నాను. ఆ సాయంత్రం డాబా మీదికి ఒక ప్లాస్టిక్ కుర్చీ వచ్చింది, నేను కూర్చుని తీసుకోవడానికి.

పై వారం పెళ్ళికి ప్రొద్దుటూరు వస్తున్నాను. శనివారం సాయంత్రం మీ ఇంటికి వస్తాను, అవ్వకు చెప్పు. ఈలోగా ఆ లిప్‌స్టిక్ ఇంకోసారి పెట్టుకో. పొద్దున, తిన్న తర్వాత, రాత్రి, మూడు ఫోటోలు తీసిపెట్టు, కలిసి చూద్దాం.

మీ అక్క