టెక్ సందేహాలు: ఆ 'అన్‌నోన్ డివైస్' పేరు ఎవరిని అడగాలి?

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో పాత డెల్ ల్యాప్‌టాప్ కొన్నాను. హార్డ్‌డిస్క్ తీసేసి ఎస్ఎస్‌డీ వేయించి, విండోస్ 10 కొత్తగా ఎక్కించాను. వైఫై, సౌండ్, కెమెరా అన్నీ పనిచేస్తున్నాయి. డివైస్ మేనేజర్‌లో మాత్రం 'అన్‌నోన్ డివైస్' అంటూ పసుపు గుర్తు పోవట్లేదు. యూట్యూబ్‌లో ఎవరో చెప్పారని డ్రైవర్ ప్యాక్ దించుకున్నా. గుర్తు పోలేదు సరికదా, బ్రౌజర్ హోమ్ పేజీ మారిపోయింది. స్క్రీన్ ఫొటో పంపుతున్నాను. (డిగ్రీ విద్యార్థి, ఖమ్మం)

జవాబు: ముందు ఆ డ్రైవర్ ప్యాక్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేసేయండి. దానితో పాటు అదే రోజు దిగిన ప్రోగ్రాములేమైనా ఉంటే అవి కూడా. మీ ఫొటోలోనే సమాధానం ఉంది. ఆ డివైస్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, అందులో డీటెయిల్స్, కింద జాబితాలో హార్డ్‌వేర్ ఐడీస్ ఎంచుకున్నారు కదా, అక్కడ 'ఏసీపీఐ\ఎస్ఎంఓ8800' అని ఉంది. మీ ల్యాప్‌టాప్ కింద పడుతున్నప్పుడు పసిగట్టే సెన్సర్ అది. టేబుల్ ఎత్తు 75 సెంటీమీటర్లు అనుకుంటే నేల తాకడానికి సుమారు 0.4 సెకన్లు పడుతుంది. ఆలోపే హార్డ్‌డిస్క్ హెడ్‌ని పక్కకు లాగేయాలి, లేదంటే గిర్రున తిరిగే పళ్లెం మీద గీత పడుతుంది. ఎస్ఎస్‌డీలో తిరిగేదీ లేదు, గీత పడేదీ లేదు. కాబట్టి మీరు పోగొట్టుకున్నదేమీ లేదు. పసుపు గుర్తు కళ్లకు అడ్డంగా ఉందంటే డెల్ సపోర్ట్ పేజీలో మీ సర్వీస్ ట్యాగ్ కొట్టి ఫ్రీ ఫాల్ సెన్సర్ డ్రైవర్ వేసుకోండి. లేదా డిసేబుల్ చేసి మరిచిపోండి.

హార్డ్‌డిస్క్ తీసేసినా కంప్యూటర్ ఆ సెన్సర్‌ని ఎందుకు పట్టుకు వేలాడుతోందన్నది అసలు ప్రశ్న.

కంప్యూటర్‌లోని భాగాలు రెండు రకాలు. కొన్నింటికి నోరుంది. పీసీఐ (మదర్‌బోర్డుకు గ్రాఫిక్స్, వైఫై కార్డుల్లాంటివి కలిపే దారి), యూఎస్‌బీ పరికరాలు అడగ్గానే పేరు చెబుతాయి, అదీ మనలాగే ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. మొదట తయారీ కంపెనీ నంబరు, ఆ తర్వాత మోడల్ నంబరు. ఇంటెల్ ఇంటిపేరు 8086. 1978లో వచ్చిన ఆ కంపెనీ ప్రాసెసర్ నంబరే అది, సరదాకి తీసుకున్నట్టున్నారు. ఎన్‌విడియాది 10డీఈ, రియల్‌టెక్‌ది 10ఈసీ. పీసీఐలో ఏదైనా స్థానానికి వెళ్లి పేరు అడిగితే ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్ అని వచ్చిందంటే ఆ ఇంట్లో ఎవరూ లేరని లెక్క.

రెండో రకానికి నోరు లేదు. మూత మూసినప్పుడు స్క్రీన్ ఆర్పే స్విచ్, బ్యాటరీ, పవర్ బటన్, మీ పడిపోయే సెన్సర్ ఇలాంటివే. మదర్‌బోర్డు మీద రెండు మూడు తీగలకు వేలాడుతుంటాయి, అడిగినా పలకవు. వాటి గురించి తెలిసింది బోర్డు తయారుచేసిన వాళ్లకే. అందుకే వాళ్లు బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే ముందు నడిచే ప్రోగ్రాం) చిప్‌లో ఒక పట్టిక రాసిపెడతారు: ఫలానా చోట ఫలానా పరికరం ఉంది, దాని ఐడీ ఇది, వాడే ఇంటరప్ట్ (ప్రాసెసర్‌ని పిలిచే సిగ్నల్) ఇది అని. ఈ పద్ధతే ఏసీపీఐ. 1996లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి తెచ్చాయి, 2013 నుంచి యూఈఎఫ్ఐ ఫోరం అనే కంపెనీల సంఘం చూసుకుంటోంది. విండోస్ అయినా లినక్స్ అయినా బూట్ కాగానే ముందు చదివేది ఈ పట్టికనే. డిస్క్ మార్చినా పట్టిక మారదు, సెన్సర్ కూడా బోర్డు మీదే ఉంది. అందుకే విండోస్ దాన్ని చూసి, ఆ ఐడీ రాసి ఉన్న డ్రైవర్ కోసం తన దగ్గరున్న ఐఎన్ఎఫ్ ఫైళ్లన్నీ (ఏ డ్రైవర్ ఏ పరికరానికో రాసి ఉండేవి) వెతికి, దొరక్క కోడ్ 28 చూపిస్తోంది.

ఒక్కో పరికరానికి సొంత ఐడీతో పాటు కంపాటిబుల్ ఐడీ అని ఇంకొకటి ఉండొచ్చు. 'ఇతనెవరో మీకు తెలియకపోయినా తాపీ పని వచ్చు' అన్నట్టు. ఈ మధ్య ల్యాప్‌టాప్‌లలో టచ్‌ప్యాడ్ కంపెనీ ఏదైనా చాలావరకు పీఎన్‌పీ0సీ50 అనే కంపాటిబుల్ ఐడీ ఉంటుంది. ఐ2సీ (బోర్డు మీద చిప్‌లు రెండు తీగలతో మాట్లాడుకునే పద్ధతి) తీగల మీద మాట్లాడే మౌస్ లాంటిది అని దాని అర్థం. విండోస్ ముందు సొంత ఐడీకి సరిపోయే డ్రైవర్ చూస్తుంది, లేకపోతే దీనితో సర్దుకుంటుంది. కొత్తగా విండోస్ వేయగానే టచ్‌ప్యాడ్ కదులుతుందంటే చాలాసార్లు ఈ రెండో ఐడీ చలవే.

కాబట్టి డ్రైవర్ కోసం గూగుల్‌లో 'అన్‌నోన్ డివైస్ ఫిక్స్' అని కొట్టొద్దు, ఆ ఐడీనే కొట్టండి. డ్రైవర్ ప్యాక్‌ల మీద నాకెప్పుడూ సదభిప్రాయం లేదు. (విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. దాని సంగతి ఇంకోసారి.)

ప్రశ్న: ప్రాజెక్ట్ కోసం రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డుకి డీఎస్3231 గడియారం మాడ్యూల్ పెట్టాం. ఐ2సీ స్కాన్ చేస్తే 68 అని కనిపిస్తోంది. అయినా కరెంటు పోయి వస్తే టైమ్ తప్పు చూపిస్తోంది. పెన్‌డ్రైవ్ పెట్టగానే పట్టుకుంటుంది కదా, దీన్నెందుకు పట్టుకోదు? (పాలిటెక్నిక్ లెక్చరర్, కాకినాడ)

జవాబు: 68 అనేది ఇంటి నంబరు, ఇంట్లో మనిషి పేరు కాదు. డీఎస్1307 గడియారం ఉండేదీ 68లోనే. మీ విద్యార్థులు డ్రోన్ ప్రాజెక్టులకు వాడే ఎంపీయూ6050 మోషన్ సెన్సర్ ఉండేదీ 68లోనే. లినక్స్ తలుపు కొట్టి ఊహించబోతే గడియారం అనుకుని సెన్సర్‌లో టైమ్ రాసేసే ప్రమాదం ఉంది. అందుకే ఊహించదు, ఎవరైనా రాసి చెప్పాలి.

రాస్ప్‌బెర్రీ పై బోర్డులో ఏసీపీఐ పట్టిక బదులు డివైస్ ట్రీ అనే ఇలాంటి పట్టికే వాడతారు. దాని మూలం సన్ కంపెనీ ఓపెన్ ఫర్మ్‌వేర్, 1994లో ఐఈఈఈ 1275 ప్రమాణమైంది. ఏఆర్ఎం (రాస్ప్‌బెర్రీ పైలో, ఫోన్లలో ఉండే ప్రాసెసర్ రకం) బోర్డులు లెక్కకు మించి పెరిగి, ఒక్కోదానికి ఒక్కో సీ ఫైల్ లినక్స్ గుండెకాయ అయిన కెర్నల్‌లోకి ఎక్కి కూర్చుంటుంటే 2011లో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ గట్టిగానే విసుక్కున్నారు. ఆ తర్వాత ఏఆర్ఎం లినక్స్ ఈ దారి పట్టింది. ఇందులోనూ ఇంటిపేరు, అంటే కంపెనీ పేరు, ముందే: 'మాక్సిమ్,డీఎస్3231'.

మీరు చేయాల్సింది ఒక్కటే. బూట్ విభాగంలోని కాన్ఫిగ్ ఫైల్ చివర 'డీటీఓవర్‌లే=ఐ2సీ-ఆర్‌టీసీ,డీఎస్3231' అన్న లైన్ చేర్చండి. ఇంగ్లిష్‌లో అన్నీ చిన్న అక్షరాలే, మధ్యలో ఖాళీ ఉండకూడదు. రీబూట్ చేసి మళ్లీ స్కాన్ చేయండి. 68 ఉన్న చోట 'యూయూ' అని వస్తే కంగారుపడకండి. ఆ చిరునామాని డ్రైవర్ తీసేసుకుందని అర్థం, మనకు కావాల్సింది అదే. లోడైన మాడ్యూళ్లలో చూస్తే డీఎస్1307 పేరు ఉంటుంది. తప్పు డ్రైవర్ ఎక్కిందని ఏడాదికి ఇద్దరు ముగ్గురైనా నాకు రాస్తుంటారు. పాత చిప్ పేరుతో మొదలైన ఆ ఒక్క డ్రైవరే డీఎస్3231ని కూడా చూసుకుంటుంది. ఆ తర్వాత ఇంటర్నెట్ ఉన్నప్పుడు సరైన టైమ్‌ని ఒకసారి చిప్‌లోకి రాయించండి, మాడ్యూల్‌లో బ్యాటరీ ఉందో లేదో కూడా చూడండి. రాస్ప్‌బెర్రీ పై 5లో ఈ గొడవ లేదు, గడియారం బోర్డులోనే ఉంది, బ్యాటరీ కొని తగిలిస్తే చాలు.

ప్రశ్న: లినక్స్ బూట్ లాగ్‌లో 'ఫర్మ్‌వేర్ బగ్' అని వస్తోంది, బయోస్ 'లినక్స్' అని అడిగితే పట్టించుకోలేదట. మదర్‌బోర్డు పోయినట్టేనా? (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్)

జవాబు: బోర్డుకేం కాలేదు. ఏసీపీఐ పట్టికలో జాబితాతో పాటు చిన్నచిన్న ప్రోగ్రాములూ ఉంటాయి. అవి 'నువ్వు విండోస్ 2015వా?' అని అడుగుతాయి, అంటే విండోస్ 10 అని. లినక్స్ తడుముకోకుండా అవునంటుంది. 'నువ్వు లినక్స్‌వా?' అంటే మాత్రం కాదంటుంది. అబద్ధమే, కానీ కంపెనీలు ల్యాప్‌టాప్‌ని ఎక్కువగా పరీక్షించేది విండోస్‌తోనే కాబట్టి ఆ దారిలో వెళితేనే ఫ్యాన్లు, స్లీప్ సవ్యంగా పనిచేస్తాయి. మీ బయోస్ రెండో ప్రశ్న అడిగింది, కెర్నల్ విననట్టు ఊరుకుని ఆ సంగతి లాగ్‌లో రాసుకుంది, అంతే.