బైపీసీ అంటే డాక్టరు సీటేనా?

ప్రశ్న: మాది ఆకివీడు దగ్గర పల్లెటూరండి. నాలుగెకరాల్లో రొయ్యల చెరువు చేస్తున్నాం. అబ్బాయి పదో తరగతి. ఎంపీసీలో వేసి విజయవాడ హాస్టల్లో పెడదామని నా ఆలోచన. ఇప్పుడే సీటు రాయించుకుంటే ఫీజు తగ్గిస్తామని ఒక కాలేజీ పీఆర్వో ఇంటి చుట్టూ తిరుగుతున్నాడు. మావాడేమో బైపీసీ తీసుకుని ఫిషరీస్ చదువుతానంటాడు. రాత్రి మూడింటికి లేచి ఏరియేటర్లు (చెరువు నీళ్లకు గాలి అందించే యంత్రాలు) చూసొస్తాడు, టెస్ట్ కిట్‌తో నీళ్లు పరీక్ష చేసేదీ వాడే. డాక్టరు సీటు రాకపోతే బైపీసీ దండగ కదండీ? నేను పడ్డ పాట్లు వాడికెందుకు?

జవాబు: ముందు పీఆర్వో సంగతి. ఫలితాలు రాకుండా ఎవరికీ అడ్వాన్సు కట్టకండి. ఇప్పుడు తగ్గించేవాళ్లు జూన్‌లో సీట్లు మిగిలితే ఇంకా తగ్గిస్తారు.

బైపీసీ అంటే నీట్, నీట్ పోతే లాంగ్‌టర్మ్ కోచింగ్, అదీ పోతే ఇల్లు. మన వైపు చాలా ఇళ్లలో లెక్క ఇదే. కానీ మీవాడు అడిగే ఫిషరీస్ డిగ్రీకి, అంటే బీఎఫ్‌ఎస్సీకి, నీట్‌తో పనే లేదండీ. ఈఏపీసెట్ (మనకింకా ఎంసెట్టే లెండి) బైపీసీ విభాగం రాస్తే చాలు. బోటనీ, జువాలజీ, ఫిజిక్స్, కెమిస్ట్రీ తలా 40, మొత్తం 160 మార్కులు. ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంటుంది. అదే ర్యాంకుతో బీఎస్సీ అగ్రికల్చర్, హార్టికల్చర్‌కీ వెళ్లొచ్చు. రాజమండ్రిలో వ్యవసాయ కాలేజీ ఉంది, తాడేపల్లిగూడెం పక్కన వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయమే ఉంది. ఎంపీసీ తీసుకుంటే మాత్రం బీఎఫ్‌ఎస్సీకి దరఖాస్తు పెట్టే అర్హతే ఉండదు. ఇంకో మాట, దీనికోసం హాస్టలక్కర్లేదు. రోజూ భీమవరం వెళ్లొచ్చి చదివినా సరిపోతుంది.

మీవాడి ఇష్టం గట్టిదో కాదో మీరే తేల్చొచ్చు. తెల్లవారుజామున నీళ్లలో డీవో (కరిగిన ఆక్సిజన్) ఎందుకు పడిపోతుంది? పీహెచ్ పెరిగితే ఉన్న అమ్మోనియాయే రొయ్యకు ఎందుకు విషమవుతుంది? వీటికి జవాబులు కెమిస్ట్రీ, బయాలజీ పుస్తకాల్లో దొరుకుతాయి. ఇలాంటివి వాడంతట వాడే అడుగుతుంటే, వెతుకుతుంటే, సందేహం లేకుండా బైపీసీలో వేయండి. బండేసుకుని చెరువు మీదికెళ్లే సరదా మాత్రమే అయితే ఇంకో వారం ఆగి మాట్లాడండి.

ఇక మీ పాట్ల సంగతి. బీఎఫ్‌ఎస్సీ నాలుగేళ్లు చదివినవాడు చెరువు చేసి తీరాలని లేదు. హేచరీలు, మేత కంపెనీలు, ల్యాబులు, ఎగుమతి ప్లాంట్లు, మత్స్యశాఖలో ఎఫ్‌డీవో (మత్స్య అభివృద్ధి అధికారి), బ్యాంకుల్లో అగ్రికల్చర్ ఫీల్డ్ ఆఫీసర్ ఉద్యోగాలున్నాయి. ఆపైన పీజీ, అంటే ఎంఎఫ్‌ఎస్సీకి, ముంబైలోని సీఫే (కేంద్ర మత్స్య విద్యా సంస్థ) ఉంది, దాని కేంద్రం ఒకటి మన కాకినాడలోనూ ఉంది. అయితే తీపి కబుర్లే చెప్పను. మేత కంపెనీలో మొదటి రెండు మూడేళ్లు చెరువు చెరువుకీ బండి మీద తిరగడం, నెలాఖరున అమ్మకాల టార్గెట్టు. జీతం సాఫ్ట్‌వేర్ పిల్లలతో పోల్చుకునేలా ఉండదు. 2025లో అమెరికా సుంకాలు పెంచినప్పుడు కౌంట్ రేట్లు (కిలోకి ఎన్ని రొయ్యలన్న లెక్కన ఇచ్చే ధరలు) ఎలా ఊగాయో మీకు నేను చెప్పాలా? ఆ దెబ్బ ఉద్యోగాల మీదా పడుతుంది. ఎఫ్‌డీవో నోటిఫికేషన్ ఏటా రాదు.

పదో తరగతి తర్వాత రెండేళ్ల ఫిషరీస్ డిప్లొమా కూడా ఉంది, కృష్ణా జిల్లా భావదేవరపల్లిలో పాలిటెక్నిక్ ఉంది. పని తొందరగా దొరుకుతుంది గానీ, పై ఉద్యోగాలకు డిగ్రీ అడుగుతారు. నేనైతే ఇంటరే మేలంటాను.

బీఎఫ్‌ఎస్సీ సీట్లు తక్కువ. నెల్లూరు జిల్లా ముత్తుకూరు కాలేజీ పాతది, నరసాపురానికి 2020లో చట్టం చేసి ఫిషరీస్ యూనివర్సిటీ ఇచ్చారు. మీవాడు చేరే ఏడాది ఎక్కడెన్ని సీట్లో కౌన్సెలింగ్ నోటిఫికేషన్‌లో చూసుకోండి. వేరే రాష్ట్రంలో డబ్బు కట్టి సీటిప్పిస్తామని ఏజెంట్లొస్తే ఆ కాలేజీకి ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) గుర్తింపు కాగితం అడగండి.

ఈ కోర్సుల్లో రైతు పిల్లల కోటా ఉంది. పల్లెలో చదివిన స్టడీ సర్టిఫికెట్లు, భూమి కాగితాలు అడుగుతారు. సర్టిఫికెట్లు ఒకటో తరగతి నుంచీ ఇప్పుడే తీసి పెట్టుకోండి. పాసుపుస్తకం మీ పేరన మారిందా, ఇంకా మీ నాన్నగారి పేరనే ఉందా, ఈ వేసవిలోనే చూసుకోండి. మార్పించుకోవడానికి రెండేళ్లుంది.