ముందు తెగాల్సింది ఏది? రాళ్ల తీరంలో ల్యూర్ విసిరేవాడికి

చిరంజీవి చిన్నాకు,

మావయ్య ఆశీస్సులు. రుషికొండ పక్క రాళ్ల మీద ఒక్క పొద్దులో నాలుగు ల్యూర్లు (కృత్రిమ ఎరలు) పోయాయని రాశావు. విసరడం రాక పోయినవి కావవి. బరువునీ, ఎరనీ ఒకే మందం దారానికి కట్టావు. రాయి పట్టేసినప్పుడు ఏది ముందు తెగాలో నువ్వు తేల్చలేదు కాబట్టి, తనకు తోచినచోట అది తెగింది.

మన దగ్గర కొండలు నేరుగా నీళ్లలోకి దిగిన చోట్ల, అంటే డాల్ఫిన్స్ నోస్, యారాడ, ఇటు తెన్నేటి పార్కు, మంగమారిపేట, అడుగున ఉండేది ఎక్కువగా ఖోండలైట్ అనే రకం రాయే. అది నున్నగా అరగదు, చీలికలు పడుతుంది. ఆ చీలికల అంచులకు ఆల్చిప్పలు అంటుకుని బ్లేడుల్లా ఉంటాయి. అలాంటి నేల మీద మొదట ఇరుక్కునేది అన్నిటికంటే కిందుండే బరువు. కాబట్టి బరువుని పోగొట్టుకోవడానికి సిద్ధపడి, మిగతాది దక్కించుకునేలా కట్టాలి.

దారాల వరస ఇలా పెట్టుకో. రీల్‌లో 50 పౌండ్ల బ్రెయిడ్, అంటే అల్లిన దారం; పౌండ్లంటే ఎంత బరువుకు తెగుతుందో ఆ లెక్క. దానికి ఎఫ్‌జీ ముడితో (బ్రెయిడ్‌ని లీడర్‌కి కలిపే ముడి) 60 పౌండ్ల మోనో లీడర్, అంటే ఒంటి పోగు నైలాన్ ముందు దారం, మీటరున్నర. ఇది బ్రెయిడ్ కంటే గట్టిగా ఉండేది లాగడానికి కాదు, రాతి రాపిడికి ఆగడానికి. లీడర్ చివర మూడు కళ్ల స్వివెల్, అంటే దారం మెలిపడకుండా తిరిగే లోహపు కీలు. ఒక కంటికి 60 సెంటీమీటర్ల ఎర దారం, 40 పౌండ్లది. ఇంకో కంటికి 25 సెంటీమీటర్ల బరువు దారం, 12 పౌండ్లది. బరువు ఇరుక్కుంటే 12 తెగుతుంది, ఎర తిరిగొస్తుంది. ఎరే ఇరుక్కుంటే 40 తెగుతుంది, స్వివెల్ దాకా మిగులుతుంది. బ్రెయిడ్ మధ్యలో తెగే పరిస్థితి మాత్రం రాకూడదు. అలా తెగితే యాభై మీటర్ల దారం రాళ్లలో ఉండిపోతుంది. జనవరి నుంచి గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లకు అదే ఉరి.

రెండు దారాల పొడవులూ సమానంగా కట్టకు. గాలిలో బరువు ముందు పోవాలి, ఎర వెనక రావాలి. సమానమైతే రెండూ ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి పురి పడతాయి, నీళ్లలో పడేసరికి ఉండలా ఉంటాయి. బరువు నీటిని తాకే క్షణం ముందు స్పూల్ (రీల్‌లో దారం చుట్టి ఉండే చక్రం) మీద వేలు ఆనించి దారాన్ని కాస్త బిగబట్టు. బరువు ఆగుతుంది, ఎర దాన్ని దాటి ముందుకు పడుతుంది. చిక్కులు సగానికి సగం ఈ ఒక్క పనితోనే పోతాయి. మూడు కళ్ల స్వివెల్ దొరక్కపోతే మామూలు స్వివెల్ కింది కంటికే రెండు దారాలూ కట్టొచ్చు, చిక్కు కొంచెం ఎక్కువవుతుంది, అంతే.

ఇక బరువు. రాళ్ల మీద సీసం వాడటం నాకు నచ్చదు. ఖర్చు, పైగా నీళ్లలో వదిలే విషం. ఇంట్లో కరిగించి పోస్తానంటే అసలే వద్దు. అచ్చులో ఒక్క నీటి చుక్క ఉన్నా కరిగిన సీసం మొహం మీదికి చిమ్ముతుంది. ఇల్లు కడుతున్న చోట అడిగితే టీఎంటీ చువ్వ ముక్కలు ఊరికే ఇస్తారు. 8 మిల్లీమీటర్ల చువ్వ మీటరుకు 395 గ్రాములు తూగుతుంది, కాబట్టి 7 సెంటీమీటర్ల ముక్క దాదాపు 28 గ్రాములు. సన్నగా పొడుగ్గా ఉంటుంది గనక చీలికలోంచి జారి వచ్చేస్తుంది, గుండు సీసంలా మేకై కూర్చోదు. చువ్వ మీది గాట్లు ఇంకో వరం. బైండింగ్ వైరు ఒక చివర నాలుగు చుట్లు బిగించి చిన్న ఉంగరం తిప్పితే జారదు. కోసిన అంచుల్ని ఆకురాయితో గుండ్రంగా రుద్దు, లేకపోతే అవే గాలంలా పట్టుకుంటాయి. బరువు దారాన్ని వైరు ఉంగరానికే కట్టు, చువ్వకు నేరుగా కడితే గాట్లు దాన్ని కోసేస్తాయి.

12 పౌండ్లే ఎందుకంటే, విసిరేటప్పుడు ప్రతి 28 గ్రాముల బరువుకూ 10 పౌండ్ల దారం ఉండాలని ఒడ్డు మీంచి విసిరేవాళ్ల లెక్క. ముడి దగ్గర దారం కొంత బలం కోల్పోతుంది, అందుకని ఇంకో రెండు పౌండ్లు. గాలి ఎక్కువని 10 సెంటీమీటర్ల ముక్క కడితే అది 40 గ్రాములు, అప్పుడు బరువు దారం 18 పౌండ్లకు మార్చు. ఇది మర్చిపోతే విసురులోనే దారం తెగి ఇనుప ముక్క తూటాలా పోతుంది. ఎటు పోతుందో ఎవడూ చెప్పలేడు. వెనక మనుషులుంటే అసలు విసరకు. గాలం కర్రని ఝాడించకుండా ఒక్క సాఫీ ఊపులో పంపు.

ఎర సంగతి. 10 లేక 12 సెంటీమీటర్ల రబ్బరు చేపకు 4/0 సైజు ఆఫ్‌సెట్ గాలం (మెడ దగ్గర వంపు ఉన్నది). మొన ముక్కులోంచి అర సెంటీమీటరు దించి కిందికి తీసి, గాలాన్ని సగం తిప్పి, పొట్టలోంచి వీపుకు పొడువు. మొన బయటికి వచ్చాక మళ్లీ వీపు చర్మంలోకి ఒక మిల్లీమీటరు ఆనించి దాచు. రాయి తగిలితే మొన లోపలే ఉంటుంది, చేప కొరికితే రబ్బరు నలిగి బయటికొస్తుంది. గుచ్చాక చేపని బల్ల మీద పెట్టి చూడు, తిన్నగా ఉండాలి. మధ్యలో ముడత పడితే గిరగిరా తిరిగి ఎర దారం మెలిపడుతుంది. సన్నతీగ గాలాలు చూడటానికి బాగుంటాయి గానీ పార చేప ఒక్కటి లాగితే వంపు పోయి సాగిపోతాయి. లావువి కొను. కొరకగానే కర్ర ఎత్తేయకు, చేప బరువు చేతికి తెలిశాక ఎత్తు.

మొదటి విసురులో బరువు అడుగు తాకేదాకా లెక్కపెట్టు. ఎనిమిదికి తాకిందనుకో, తర్వాతి విసురు నుంచి ఆరుకే చుట్టడం మొదలుపెట్టు. బరువు రాళ్లకు అప్పుడప్పుడు తగిలితే చాలు, ఈడ్చక్కర్లేదు. ఎర ఒడ్డు రాతి గట్టు దగ్గరికొచ్చేసరికి కర్ర పైకెత్తి వేగంగా చుట్టు. ఎక్కువ ల్యూర్లు పోయేది దూరంలో కాదు, ఆ చివరి పది మీటర్లలోనే.

రెండు మీటర్ల లోతు కూడా లేని చోట, నాచు, రాళ్లు కలిసిన చోట పై పద్ధతి పనికిరాదు. అక్కడ తేలే బరువు కావాలి. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్ల పొణికి కర్ర దొరికితే దాన్ని మించింది లేదు, అంత తేలిక. 10 సెంటీమీటర్ల పొడవు, మధ్యలో 3 సెంటీమీటర్ల మందం, రెండు కొనలూ సన్నబడేలా చెక్కు. నిలువునా 2 మిల్లీమీటర్ల బెజ్జం వేసి, 1 మిల్లీమీటరు స్టెయిన్‌లెస్ తీగ దూర్చి, రెండు చివర్లా ఉంగరం తిప్పి నాలుగేసి చుట్లు బిగించు. వెనక కొన దగ్గర తొలిచి ఇనుప ముక్క కూర్చి ఎపాక్సీతో మూసేయ్. మొత్తం బరువు ఈ కర్ర తోసే నీటి బరువులో ముప్పావు వంతు దాటనీయకు. పది లీటర్ల బకెట్లో 350 గ్రాముల ఉప్పు కలిపి వదిలి చూడు. పావు వంతు పైకి తేలితే సరి. ఆ తర్వాత ఎనామెల్ రెండు పూతలు, మొదటిది పూర్తిగా ఆరాకే రెండోది. తొందరపడితే పూత పగిలి కర్ర నీళ్లు తాగుతుంది, నాలుగో రోజుకి మునుగుతుంది.

ముందు ఉంగరానికి లీడర్, వెనక ఉంగరానికి మీటరు ఎర దారం, దాని చివర బరువు లేని రబ్బరు చేపో ఈకల ఎరో. బరువు వెనకుంది గనక చుట్టేటప్పుడు ముక్కు పైకెత్తి రాళ్ల మీదుగా జారుకుంటూ వస్తుంది. ఎర దారం మీటరుంబావు దాటిస్తే విసరడం కష్టం.

మెటల్ జిగ్గులకైతే (చేప ఆకారపు లోహపు ఎరలు) ఒకటే మాట. కింది మూడు కొక్కేల గాలం తీసేసి, పైన ఒంటి గాలాన్ని పొట్టి దారంతో కట్టు. జిగ్గు నడుము దాటి వేలాడకూడదు.

ఇరుక్కున్నప్పుడు గాలం కర్రతో లాగకు, విరిగేది అదే. ముందు దారం బిగించి టక్కున వదులు, రెండు మూడుసార్లు. ఆ ఎదురు దెబ్బకి చాలావాటికి పట్టు సడలుతుంది. రాకపోతే పది అడుగులు పక్కకి నడిచి ఇంకో కోణం నుంచి ప్రయత్నించు. అదీ కాకపోతే బ్రెయిడ్‌ని ఒక కర్రముక్కకు నాలుగు చుట్లు చుట్టి, మొహం పక్కకి తిప్పి, తిన్నగా వెనక్కి లాగు. వట్టి చేతికి చుట్టుకున్నావంటే వేలు తెగుతుంది.

పున్నమి, అమావాస్యలకి ఇక్కడ ఆటుకీ పోటుకీ తేడా దాదాపు మీటరున్నర. పొద్దున ఆరిన రాయి మధ్యాహ్నానికి నీళ్లలో ఉండొచ్చు. ఎక్కేముందు పది నిమిషాలు నిలబడి అలలు చూడు. తడి మరక ఎంత ఎత్తున ఉందో దానికి పైనే నిలబడు. ఆషాఢ, శ్రావణాల్లో నైరుతి అలలున్నప్పుడు యారాడ రాళ్ల వైపు పోవద్దు.

బరువు దారాలు ఇంటి దగ్గరే పన్నెండు కట్టి, పాత హవాయి చెప్పు ముక్కకి చుట్టుకుని తీసుకెళ్లు. గాలిలో, తడి చేతులతో కట్టిన ముడులు నమ్మదగ్గవి కావు. మొదటి రోజు ఎన్ని చువ్వ ముక్కలు పోయాయో, ఎన్ని ల్యూర్లు పోయాయో లెక్క రాసి పంపు. ముక్కలు పోకుండా ల్యూర్లు పోతుంటే ఇరుక్కుంటున్నది ఎరే అన్నమాట; గాలం మొన సరిగ్గా దాగిందో లేదో చూసుకుని, ఇంకాస్త ముందే చుట్టడం మొదలుపెట్టాలి.

ఉంటాను,
మావయ్య