ర్యాంకు పడిపోయిన సైటు గురించి మేనల్లుడికి

అల్లుడూ,

మీ అమ్మ నిన్న పొద్దుపోయాక ఫోన్ చేసింది. నువ్వు వారం నుంచి సరిగా తినడం లేదని, రాత్రి రెండింటి దాకా ల్యాప్‌టాప్ ముందే కూర్చుంటున్నావని చెప్పి బాధపడింది. పొద్దున లేచి నువ్వు పంపిన స్క్రీన్‌షాట్లన్నీ చూశాను. గూగుల్ వెతుకులాట నుంచి రోజుకు 1,900 క్లిక్కులు వచ్చే సైటు, కోర్ అప్‌డేట్ వచ్చాక 600కు పడిపోతే ఎవరికైనా టెన్షనే. ఫోన్‌లో చెబితే సగం మరిచిపోతావని ఇదంతా రాస్తున్నాను.

ముందు చేయాల్సింది ఒకటే. ఇంకో పది పన్నెండు రోజులు సైటులో ఏదీ ముట్టుకోవద్దు. ఇప్పటికే మూడు పేజీల టైటిళ్లు మార్చావు, మెనూ మార్చావు, నలభై పాత పేజీలకు కొత్త తేదీలు వేశావు. ఇన్ని ఒకేసారి మారిస్తే రేపు ట్రాఫిక్ పెరిగినా తగ్గినా దేనివల్లో నీకు తెలియదు. లోపల ఒక్క మాటా మార్చకుండా తేదీ మాత్రం కొత్తది వేయడం మంచిది కాదని గూగులే చెప్పింది. ఆ తేదీలు మాత్రం వెనక్కి మార్చెయ్.

కోర్ అప్‌డేట్ అంటే పేజీలకు ర్యాంకులిచ్చే పద్ధతిని గూగుల్ పెద్ద ఎత్తున సవరించడం, అది ఒక్క రాత్రిలో అయిపోయేది కాదు. 2024 మార్చి 5న మొదలైనది ఏప్రిల్ 19 దాకా సాగింది, అంటే 45 రోజులు. అన్నీ అంత సాగవు కానీ, నడుస్తున్నన్నాళ్లూ ర్యాంకులు ఊగుతూనే ఉంటాయి. మొదలైన తేదీ, ముగిసిన తేదీ గూగుల్ సెర్చ్ స్టేటస్ డ్యాష్‌బోర్డులో ఉంటాయి. ముగిశాక కనీసం ఒక వారం ఆగు. ఆ వారాన్ని, అప్‌డేట్ మొదలు కాకముందు వారాన్ని సెర్చ్ కన్సోల్‌లో, అంటే సైటు వాళ్లకు గూగుల్ ఇచ్చే లెక్కల పేజీలో, పక్కపక్కన పెట్టి చూడు. రోజూ గంటకోసారి చూస్తే నీ మనసు చెడుతుందే తప్ప తెలిసేదేమీ ఉండదు.

అసలు పడింది ర్యాంకేనా అన్నది కూడా చూడాలి. నీ సైటు గండికోట మీద, మన కడప చుట్టుపక్కల చూడదగ్గ చోట్ల మీద. ఎండలు నలభై డిగ్రీలు దాటాక గండికోటకు ఎవరు పోతారు? ఒంటిమిట్ట కల్యాణం అయిపోయిన మర్నాటి నుంచి ఆ పేజీ ఎవరికి కావాలి? సెర్చ్ కన్సోల్‌లో 16 నెలల లెక్కలు ఉంటాయి కాబట్టి నిరుడు ఇవే వారాల్లో ఎంత వచ్చిందో చూడు. పొజిషన్ (ఫలితాల్లో స్థానం) అలాగే ఉండి ఇంప్రెషన్లు (ఫలితాల్లో ఎన్నిసార్లు కనబడింది) తగ్గితే జనం వెతకడం తగ్గిందని అర్థం. పొజిషన్, ఇంప్రెషన్లు రెండూ అలాగే ఉండి క్లిక్కులు మాత్రమే తగ్గితే జవాబు పైనే దొరికిపోతోందని అనుకోవచ్చు. 2024 ఆగస్టు నుంచి మన దేశంలో కూడా ఏఐ ఓవర్‌వ్యూలు, అంటే ఫలితాల పైన గూగుల్ ఏఐతో రాసి చూపే జవాబులు, వచ్చాయి కదా. పొజిషనే పడితే అప్పుడు అది అప్‌డేట్ దెబ్బ. అందులో కూడా తేడా ఉంది. రెండో స్థానం నుంచి నాలుగుకు దిగిన పేజీని కదిలించొద్దు. నాలుగు నుంచి ఇరవై తొమ్మిదికి పోయిన పేజీ గురించి కూర్చుని ఆలోచించాలి.

ఇంకో రెండు చిన్న తనిఖీలు. సెర్చ్ కన్సోల్‌లో మాన్యువల్ యాక్షన్స్ రిపోర్టు, అంటే గూగుల్ మనుషులే చూసి వేసిన శిక్షల జాబితా, తెరిచి ఖాళీగా ఉందో లేదో చూడు. అక్కడ ఏమైనా ఉంటే మన కథ వేరే. సంక్రాంతికి థీమ్ మార్చానన్నావు, అప్పుడేమైనా పేజీని ఫలితాల్లో చూపొద్దని చెప్పే నోఇండెక్స్ ట్యాగ్ పడిందేమో, గూగుల్ ఎక్కడికి రావొచ్చో చెప్పే రోబోట్స్ ఫైలు ఏదైనా ఫోల్డరును అడ్డుకుంటోందేమో చూసుకో.

ఇప్పుడు నా సంగతి చెప్తాను. మీ అమ్మకు కూడా పూర్తిగా తెలియదు. 2010లో మన బండల వ్యాపారానికి సైటు పెట్టాను. చెన్నై, బెంగళూరు నుంచి ఆర్డర్లు రావడం మొదలైంది. మరుసటి ఏడు ఒక కంపెనీ వాడు ఫోన్ చేసి, ఎనిమిది వేలిస్తే వేరే సైట్ల నుంచి మన సైటుకు ఐదు వందల లింకులు కట్టిస్తాను, మొదటి స్థానం గ్యారంటీ అన్నాడు. ఇచ్చాను. నిజంగానే కొన్ని నెలలు కడప బండలు అని కొడితే మనమే ముందు. 2012 ఏప్రిల్ 24న గూగుల్ పెంగ్విన్ అనే అప్‌డేట్ వచ్చింది. కొన్న లింకుల లాంటి దొంగ ఎత్తులను పట్టుకోవడానికే అది పుట్టింది. పొద్దున లేచి చూస్తే మనం ఆరో పేజీలో ఉన్నాం. గాబరాలో ఇంకొకడికి డబ్బులిచ్చాను, వాడు మరిన్ని లింకులు కట్టాడు. ఎర్రగుంట్ల దగ్గర పాలిషింగ్ యూనిట్‌లో ఒక షిఫ్టు ఆపేయాల్సి వచ్చింది. పని పోయినవాళ్ల మొహాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

ఆ తర్వాత నేనే కూర్చుని ఆ లింకులు పెట్టిన సైట్ల వాళ్లకు ఒక్కొక్కరికీ మెయిల్ రాశాను. తీసెయ్యనివాటికి ఆ ఏడు అక్టోబరులో వచ్చిన డిసవౌ టూల్ వాడాను, ఫలానా లింకులను లెక్కలోకి తీసుకోవద్దని గూగుల్‌కు చెప్పేది అది. అప్పట్లో పెంగ్విన్ మళ్లీ నడిచినప్పుడే మన శుభ్రత లెక్కలోకి వచ్చేది. అది 2013 మేలో నడిచింది, మనం మూడో స్థానానికి వచ్చాం. పదమూడు నెలలు పట్టింది అల్లుడూ.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, పదిహేను రోజుల్లో మొదటి పేజీలో పెడతామని నీకు ఫోన్లు వస్తున్నాయని విన్నాను. ఆ మాట ఇవ్వగలిగినవాడు ఎవడూ లేడు. ఒక్క రూపాయి ఇవ్వొద్దు. నువ్వు లింకులు కొనలేదు కాబట్టి డిసవౌ జోలికి కూడా పోవద్దు. చెత్త లింకులు ప్రతి సైటుకూ ఉంటాయి. 2016 నుంచి పెంగ్విన్ మామూలు ర్యాంకింగ్‌లోనే కలిసిపోయి అలాంటివాటిని చాలావరకు పక్కన పెట్టేస్తోంది.

ఇక నీ సైటు. 140 పేజీలు చూశాను, కోపం తెచ్చుకోకుండా విను. అందులో తొంభై దాకా ‘ప్రొద్దుటూరు నుంచి గండికోట దూరం’, ‘అనంతపురం నుంచి గండికోట దూరం’ అంటూ ఊరి పేరు ఒక్కటే మార్చిన పేజీలు. ఏఐ టూల్‌తో ఒక్క వారంలో రాయించావని వాక్యాలే చెబుతున్నాయి. టూల్ వాడటం తప్పు కాదు. ఎవరికీ కొత్తగా ఏమీ చెప్పని పేజీలను ర్యాంకు కోసమే గుట్టలుగా పోయడం తప్పు. 2024 మార్చిలో గూగుల్ దీన్ని స్పామ్ నిబంధనల్లో సూటిగా చేర్చింది, మనిషి రాసినా యంత్రం రాసినా ఒకటే అంది. సైటులో ఎక్కువ భాగం ఇలాంటిదే అయితే దాని నీడ మంచి పేజీల మీద కూడా పడుతుంది.

ఒంటిమిట్ట పేజీ మాత్రం పడలేదు, గమనించావా? అది నువ్వు రాసింది. మిగతా చోట్ల నవమి నాడు పగటిపూట జరిగే కల్యాణం అక్కడ పౌర్ణమి దగ్గర రాత్రిపూట, వెన్నెల్లో ఎందుకు జరుగుతుందో మీ జేజి చెప్పినట్టే రాశావు. బండి ఎక్కడ ఆపాలి, పిల్లలతో పోతే ఎక్కడ కూర్చోవాలి, తిరిగి వచ్చేటప్పుడు బస్సుకు ఎంతసేపు నిలబడ్డారు, అన్నీ ఉన్నాయి. పోయి వచ్చినవాడు తప్ప ఇంకొకడు రాయలేని పేజీ అది.

అదే చెయ్యి గండికోటకు పట్టించు. పెన్నా లోయ ఫోటో కింద ‘భారతదేశపు గ్రాండ్ కాన్యన్’ అని ప్రతివాడూ రాస్తాడు. మాధవరాయ గుడి, రంగనాథ గుడి, జామియా మసీదు, ధాన్యాగారం పేర్లు కూడా అందరి దగ్గరా ఉన్నాయి. నీ దగ్గర ఉన్నది వేరు. సాయంత్రం ఎన్నింటికి పోతే లోయ మీద వెలుగు బాగుంటుంది, ఆఖరి బస్సు ఎప్పుడు, ఎక్కడ నీళ్లు దొరుకుతాయి, ముసలివాళ్లు ఎంతవరకు నడవగలరు, అంచున ఏ బండ జారుతుంది. వానాకాలంలో ఒకసారి, చలికాలంలో ఒకసారి నువ్వే తీసిన ఫోటోలు పెట్టు. ఎవరు రాశారో కింద నీ పేరు, నీ ఊరు రాయి. ఆ తొంభై పేజీలను ‘గండికోటకు ఎలా చేరాలి’ అనే ఒక్క మంచి పేజీగా కలిపి, పాతవాటిని 301 రీడైరెక్ట్‌తో (పాత చిరునామా తెరిచినవాళ్లను శాశ్వతంగా కొత్తదానికి మళ్లించేది) దానికి పంపు. దేనికీ పనికిరానివాటిని తీసెయ్. తీసేసినంత మాత్రాన ర్యాంకు పెరుగుతుందని మాత్రం ఆశపడొద్దు. వాటి చోట మంచిది రావాలి.

తప్పులు కూడా ఉన్నాయి. బెలూం గుహలు ఇంకా కర్నూలు జిల్లా అనే ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పటి నుంచి అది నంద్యాల జిల్లా. గుహ మొత్తం పొడవు 3,229 మీటర్లు, మనల్ని పోనిచ్చేది అందులో సుమారు ఒకటిన్నర కిలోమీటరే. నీ పేజీ చదివి అంతా నడవొచ్చనుకుని వచ్చినవాడు నిన్ను మళ్లీ నమ్ముతాడా?

డ్రోన్ ఫోటోలు ఒక్కొక్కటి ఆరు ఎంబీ ఉన్నాయి. మీ పేజీ తెరిచేది జమ్మలమడుగు దాటాక సిగ్నల్ సగం ఉన్న ఫోన్‌లో. పెద్ద ఫోటో రెండున్నర సెకన్లలోపు కనిపించేట్టు కుదించు. నీ పతనానికి కారణం ఇదని నేను అనుకోను, అయినా చేసెయ్.

ఇంత చేసినా వచ్చే నెలకే తిరిగి వస్తుందని అనుకోవద్దు. కొన్ని మార్పులు కొద్ది రోజుల్లో కనబడతాయి, సైటు మొత్తం మీద నమ్మకం తిరిగి రావడానికి నెలలు పట్టొచ్చు, ఒక్కోసారి తర్వాతి కోర్ అప్‌డేట్ దాకా ఆగాలి. వస్తుందన్న హామీ గూగుల్ కూడా ఇవ్వదు. అందుకే ఈ ఆరు నెలలు యాడ్స్ డబ్బు మీదే ఇల్లు నడపొద్దు. హోమ్‌స్టే వాళ్లు, ట్యాక్సీ వాళ్లు నీకు నేరుగా ఫోన్ చేస్తారు కదా, ఆ పని పెంచుకో. పెళ్లి కోసం దాచిన డబ్బు ముట్టుకోవద్దు, అప్పు అసలే చేయొద్దు. అవసరమైతే నన్ను అడుగు, మొహమాటపడకు.

ఆదివారం మా ఇంటికి రా. వచ్చేముందు పేజీలవారీగా రెండు వారాల లెక్కలు షీటులోకి దించుకుని, 140 వరుసలూ ప్రింటు తీసుకురా. ఎర్ర పెన్ను నా దగ్గర ఉంది. ఒక్కో పేజీ ముందు ఉంచాలా, కలపాలా, తీసేయాలా అని ఇద్దరం రాసేద్దాం. మీ అత్త సంగటి, ఊరిబిండి చేస్తానంది, మీ అమ్మను కూడా తీసుకురా.

మీ మామ