ఆ 14 మంది ఎక్కడ?

అమ్మా సునీతా,

స్క్రబ్ టైఫస్ (నల్లి జాతి చిన్న పురుగు కుట్టడం వల్ల వచ్చే జ్వరం) మీద నువ్వు రాసిన పేపర్ రెండుసార్లు చదివాను. అబ్‌స్ట్రాక్ట్‌లో, అంటే ముందుండే సారాంశంలో, 112 మంది రోగులన్నావు. టేబుల్ 1కి వచ్చేసరికి 98 మందే ఉన్నారు. మిగతా 14 మంది ఏమయ్యారో పేపరంతా గాలించినా ఒక్క ముక్క కనబడలేదు. ఈ ఉత్తరం ముఖ్యంగా వాళ్ల కోసమే.

వాళ్ల కేస్ షీట్లు దొరకలేదా? ఈ జబ్బును పట్టే రక్తపరీక్ష, ఐజీఎం ఎలైజా, నెగటివ్ వచ్చిందా? వెంటిలేటర్ అవసరమై పెద్దాసుపత్రికి పంపేశారా? కేస్ షీట్లు పోతే అది రికార్డుల లోపం, ఒక వాక్యంలో ఒప్పుకుంటే సరిపోతుంది. రిఫర్ చేసిన వాళ్లయితే మాత్రం నీ లెక్క మొత్తం మారుతుంది. 98 మందిలో ముగ్గురు చనిపోయారు, 3.1 శాతం అని రాశావు. అందరికంటే సీరియస్‌గా ఉన్నవాళ్లను బయటికి పంపేసి, మిగిలినవాళ్లలో మరణాలు లెక్కపెడితే తక్కువే వస్తాయి. చదివిన డాక్టరు ఈ జబ్బును తేలిగ్గా తీసుకుంటాడు. అందుకే రిజల్ట్స్‌లో మొదటి వాక్యం ఇలా ఉండాలి: ఇంతమందిని చూశాం, ఇంతమందిని ఈ కారణంగా తీసేశాం, ఇంతమంది మిగిలారు. కూడితే 112 రావాలి.

లివర్ సంగతీ ఇంతే. ఎంజైములు పెరిగినవాళ్లు 87.3 శాతం అన్నావు. టేబుల్ కింద చిన్న అక్షరాల్లో చూస్తే 71 మందిలో 62 మంది. అంటే 27 మందికి అసలు పరీక్షే చేయించలేదు. వార్డులో లివర్ పరీక్ష ఎవరికి రాస్తాం? కళ్లు పచ్చబడినవాళ్లకి, జ్వరం దిగనివాళ్లకి. వాళ్లలో ఎక్కువ శాతం రావడం సహజమే. శాతం పక్కన 62/71 అని ప్రతిచోటా రాయి. హారం చెప్పని శాతాన్ని నేను రివ్యూలో నమ్మను, నువ్వూ నమ్మకు.

మెథడ్స్ నాలుగు లైన్లలో తేల్చేశావు. అక్కడే నిదానించాలి. ఏ కంపెనీ కిట్, పాజిటివ్ అనడానికి ఓడీ (పరీక్షలో రంగు ఎంత గాఢమో చెప్పే అంకె) కటాఫ్ ఎంత, ఆ కటాఫ్ ఎక్కడి నుంచి తెచ్చుకున్నావు, రక్తం జ్వరం మొదలైన ఎన్నో రోజున తీశారు? మొదటి వారంలో ఐజీఎం యాంటీబాడీలు ఇంకా పెరగకపోవచ్చు. మూడో రోజు తీసిన నెగటివ్, పదో రోజు తీసిన నెగటివ్ ఒకటి కావు. ఎథిక్స్ కమిటీ అనుమతి నంబరు, తేదీ రాయి. పాత రికార్డులు చూసి చేసిన పని కాబట్టి రోగుల సమ్మతి నుంచి మినహాయింపు ఇచ్చారా లేదా అన్నదీ రాయి. ఇలాంటి పరిశీలన అధ్యయనాల్లో ఏమేం రాయాలో చెప్పే స్ట్రోబ్ చెక్‌లిస్టులో 22 అంశాలున్నాయి. దాన్ని సబ్‌మిట్ చేసే రోజు నింపే కాగితంగా చూడకు, రాయడం మొదలుపెట్టిన రోజే పక్కన పెట్టుకో. ముందు ఖాళీ టేబుళ్లు గీసుకో, తర్వాత మెథడ్స్, రిజల్ట్స్, డిస్కషన్. ఇంట్రడక్షన్ ఆ తర్వాతే. అబ్‌స్ట్రాక్ట్ అన్నిటికంటే చివర. నువ్వు అబ్‌స్ట్రాక్ట్ ముందు రాసి ఉంటావు, అందుకే అందులో 112 అలాగే ఉండిపోయింది.

టేబుల్ 3లో ఇరవై పీ వాల్యూలు (అసలు తేడా లేకపోయినా ఇంత తేడా యాదృచ్ఛికంగా కనిపించే అవకాశం ఎంతో చెప్పే అంకెలు) ఉన్నాయి. అసలు ఏ తేడా లేకపోయినా, ఒకదానితో ఒకటి సంబంధం లేని ఇరవై పోలికలు చేస్తే కనీసం ఒకటి 0.05 లోపు పడే అవకాశం దాదాపు 64 శాతం. నీకు 0.04 వచ్చిన ఆ ఒక్క ప్లేట్‌లెట్ల లైను మీద డిస్కషన్‌లో ఒక పేజీ కట్టావు. తీసెయ్.

ఇక నన్ను కదిలించిన మాట. డిస్కషన్ ఆఖరి పేరాలో, ఎవరి కంటా పడని చోట రాశావు: ఎస్కార్ (పురుగు కుట్టినచోట కట్టే నల్లటి పెచ్చు) ఉన్నవాళ్లు 19 మంది, వాళ్లలో 14 మందికి అది అడ్మిషన్ రోజు కనబడలేదు, మర్నాడు స్టాఫ్ నర్సును వెంటపెట్టుకుని తెరచాటున బట్టలు తొలగించి చూస్తే చంకలో, గజ్జల్లో, రొమ్ము కింద దొరికింది. అమ్మా, నీ పేపర్ ఇదే. నొప్పి ఉండని ఆ నల్లటి పెచ్చు గురించి రోగి తనంతట తాను చెప్పడు. ఎలైజా లేని పీహెచ్‌సీలో ఈ జబ్బుకిచ్చే మందు డాక్సీసైక్లిన్ మొదలుపెట్టే ధైర్యం ఆ పెచ్చే ఇస్తుంది. 98లో 19 అంటే 19.4 శాతం, 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అసలు శాతం ఉండగల హద్దులు) సుమారు 13 నుంచి 28. ఇది రిజల్ట్స్‌లో ముందుకు రావాలి. శరీరంలో ఏ భాగంలో ఎన్ని, ఎవరు చూశారు, ఎన్ని గంటల తర్వాత చూశారు అన్నది ఒక టేబుల్‌గా వెయ్యి.

టైటిల్ కూడా దాన్నే చెప్పాలి. దక్షిణ భారతానికి పెరుగుతున్న ముప్పు అని పెట్టావు. నీ దగ్గరున్నది ఒక్క జిల్లా ఆసుపత్రి. రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో దోమ పొట్టలో చూసినదాన్ని అదే ఏడాది డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చువేశాడు. మలేరియా గుట్టు రట్టయిందని టైటిల్ పెట్టలేదు. మలేరియా రక్తం తాగిన రెండు దోమల్లో కనిపించిన వింత వర్ణక కణాల గురించి అని పెట్టాడు. రెండు దోమలు! ఎన్ని చూశాడో ఆ సంఖ్య టైటిల్‌లోనే ఉంది.

కొత్తదనం లేదని రెండు ముక్కల్లో తిప్పికొట్టే ఎడిటర్ల వల్లే మీ తరం ప్రతి పేపర్‌లో ‘మొట్టమొదటిసారి’ అని రాయడం నేర్చుకుంది. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు. అయినా ఆ మాట రాయకు. రివ్యూయర్ పది నిమిషాలు వెతికితే అంతకుముందుది దొరుకుతుంది, ఆ తర్వాత నీ అంకెల్ని కూడా అనుమానిస్తాడు.

ఆథర్లు ఏడుగురున్నారు. ఆథర్ ఎవరో తేల్చడానికి మెడికల్ జర్నళ్ల ఎడిటర్ల కమిటీ ఐసీఎంజేఈ పెట్టిన నియమాలు నాలుగు: పనిలో గణనీయమైన పాలు, రాయడంలో లేదా లోతుగా దిద్దడంలో పాలు, చివరి ప్రతికి ఆమోదం, తప్పొస్తే జవాబుదారీ. నాలుగూ ఉండాలి. పదవిని బట్టి పేరు పెట్టాల్సిన పని లేదు. రెండో రోజు నీతో కలిసి వెతికిన ఆ నర్సు పేరు మాత్రం ఎక్కడా లేదు. తనని అడుగు. ఒప్పుకుంటే కృతజ్ఞతల్లో పెట్టు, రాయడంతో సహా మిగతా మూడు నియమాలకూ సరిపోతే ఆథర్‌గానే పెట్టు.

మూడు రోజుల్లో అచ్చువేస్తామని, గౌరవనీయులైన ప్రముఖ వైద్యులకు అంటూ మెయిల్ పెట్టే జర్నళ్లకు జవాబివ్వకు. ఒకేసారి రెండు జర్నళ్లకు పంపకు. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ గురించి అడిగావు, దాని సంగతి ఇప్పుడొద్దు.

ముందు మెడికల్ రికార్డ్స్ సెక్షన్‌కి వెళ్లి లెక్కలో లేని ఆ 14 మంది కేస్ షీట్లు వెతికించు. అడ్మిషన్ రిజిస్టరు, రిఫరల్ రిజిస్టరు పక్కపక్కన పెట్టుకుని ఐపీ (ఇన్‌పేషెంట్) నంబర్లు సరిపోల్చు. పేపర్ మొత్తం పంపొద్దు, ఈసారి టేబుల్ 1 ఒక్కటే పంపు.

ఆశీస్సులతో,
మీ సార్