గడ్డి కలిపి దున్నిన మడిలో మొక్కలు పసుపుబారుతున్నాయి, ఏం చేయాలి?

ప్రశ్న: అర ఎకరంలో కూరగాయలు పండిస్తున్నాను. ఇన్నేళ్లూ గడ్డిని తగలబెట్టేదాన్ని. ఈసారి నేలకు మేలు చేద్దామని ముక్కలు చేసిన వరిగడ్డి, కొంత రంపపు పొట్టు చల్లి దున్నించాను. వారం తిరక్కుండానే టమాటా, వంగ నారు నాటాను. నెల కావస్తున్నా మొక్కలు ఎదగడం లేదు. కింది ఆకులు పసుపు రంగుకు తిరుగుతున్నాయి. గడ్డి కలపని చివరి మడిలో మాత్రం అదే నారు పచ్చగా ఉంది. ఇది తెగులా? మళ్లీ తగలబెట్టడమే నయమని ఇంట్లో అంటున్నారు, టెన్షన్‌గా ఉంది. యూరియా లేకుండా సరిచేసే దారి ఉందా? పొలంలో కొంత భాగం ఇంకా ఖాళీగానే ఉంది.
– ఒక మహిళా రైతు

జవాబు: అమ్మా, మీరు రాసిన వాటిలో నాకు బాగా పనికొచ్చింది ఆ చివరి మడి సంగతి. నారు అదే, నేల అదే, తేడా గడ్డి ఒక్కటే. పైగా పసుపు రంగు కింది ఆకులతో మొదలైంది. నత్రజని చాలనప్పుడు మొక్క ముదురు ఆకుల్లో ఉన్నదాన్ని లాగి కొత్త చిగుళ్లకు పంపుతుంది, అందుకే కింది ఆకులు ముందు పాలిపోతాయి. మీది తెగులు కాదు, నత్రజని కొరతే అనిపిస్తోంది. అయినా ఒక మొక్కను వేళ్లతో సహా పెకిలించి చూడండి. వేళ్లు తెల్లగా, గట్టిగా ఉంటే భయం లేదు. గోధుమ రంగుకు తిరిగి మెత్తబడితే, లేదా మట్టి కుళ్లిన గుడ్ల వాసన వేస్తే, గడ్డి కలిసిన చోట నీరు నిలిచి గాలి ఆడడం లేదన్నమాట. అప్పుడు ముందు నీరు తీసేయాలి. లేత ఆకులు పసుపుబారి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది వేరే లోపం. ఆకులు ముడుచుకుని మచ్చలు మచ్చలుగా పసుపుబారితే వైరస్‌ను అనుమానించాలి.

గడ్డి నేలలో పడగానే దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు విపరీతంగా పెరుగుతాయి. వాటికి గడ్డిలోని కర్బనం శక్తినిస్తుంది, ఒళ్లు కట్టుకోవడానికి మాత్రం నత్రజని కావాలి. ఒక టన్ను ఎండు వరిగడ్డిలో సుమారు 400 కిలోల కర్బనం ఉంటే, నత్రజని 6 కిలోలే. ఆ కర్బనంలో మూడింట రెండు వంతులు గాలిలో కలిసిపోయి, ఒక వంతు సూక్ష్మజీవుల శరీరంలో చేరుతుందనుకోండి. వాటి శరీరంలో 8 పాళ్ల కర్బనానికి 1 పాలు నత్రజని ఉంటుంది కాబట్టి దాదాపు 17 కిలోలు కావాలి. గడ్డి ఇచ్చే 6 పోగా తక్కువపడ్డ 11 కిలోలను అవి మట్టిలోంచే తీసుకుంటాయి. ఈ పోటీలో వేళ్లు వాటితో గెలవలేవు. ఇక రంపపు పొట్టులో ఒక పాలు నత్రజనికి కర్బనం కొన్ని వందల పాళ్లు ఉంటుంది. మీ మడిని ఎక్కువగా దెబ్బతీసింది అదే అయి ఉండవచ్చు.

అయితే ఆ నత్రజని ఎక్కడికీ పోలేదు. గడ్డి చివికి, ఆ సూక్ష్మజీవులు చనిపోతున్న కొద్దీ తిరిగి మట్టిలోకే వస్తుంది. వెచ్చగా, తేమగా ఉన్న నేలలో గడ్డికి ఇది చాలావరకు నెల నుంచి రెండు నెలల్లో జరుగుతుంది. రంపపు పొట్టుకు ఇంకా చాలా కాలం పడుతుంది. గడ్డిని తగలబెడితే మాత్రం అందులోని నత్రజని దాదాపుగా, గంధకం కొంతవరకు పొగలో పోతాయి, పైపొరలోని జీవులు మాడిపోతాయి. ఇంట్లోవాళ్లకు ఈ మాట గట్టిగా చెప్పండి. మీరు చేసిన పని మంచిదే, కలపడానికీ నాటడానికీ మధ్య గడువు చాలలేదు, అంతే.

ఇప్పుడు నిలబడి ఉన్న మొక్కలకు త్వరగా అందే నత్రజని కావాలి. పశువుల మూత్రానికి పది రెట్లు నీళ్లు కలిపి, కాండానికి జానెడు దూరంలో తడి నేల మీద పోయండి. లేదా నూనె తీయగా మిగిలిన వేరుశనగ చెక్కను రెండు మూడు రోజులు నానబెట్టి, ఆ నీళ్లకు నాలుగైదు రెట్లు మామూలు నీళ్లు చేర్చి పోయండి. ఈ చెక్కలో దాదాపు 7 శాతం నత్రజని ఉంటుంది. పశువుల ఎరువులో అర శాతమే, అది కూడా నెమ్మదిగా అందుతుంది. కాబట్టి ఈ పంటను కాపాడటానికి పశువుల ఎరువు ఒక్కటే సరిపోదు. కోళ్ల ఎరువు పచ్చిగా వేయకండి, వేళ్లు మాడతాయి. వారం రోజులకొకసారి రెండు మూడు సార్లు పోసినా కొత్త ఆకులు తేరుకోకపోతే, లీటరు నీటికి 10 గ్రాముల యూరియా కలిపి సాయంత్రం పూట ఆకుల మీద ఒక్కసారి పిచికారీ చేయడంలో నాకు తప్పు కనిపించదు. సేంద్రియ ధ్రువీకరణ కోసం పండిస్తుంటే మాత్రం వద్దు.

ఖాళీగా ఉన్న భాగం గురించి నాకు ఉత్సాహంగా ఉంది. అక్కడా గడ్డి కలిపి ఉంటే బొబ్బర్లు గానీ జనుము గానీ చల్లండి. నేలలో నత్రజని తక్కువగా ఉన్నప్పుడే పప్పుజాతి మొక్కలు వేరుబుడిపెలు బాగా కట్టి గాలిలోంచి తెచ్చుకుంటాయి, గడ్డితో వాటికి పోటీ తక్కువ. నెల తర్వాత ఒక మొక్క పీకి బుడిపెను కోసి చూడండి, లోపల గులాబీ రంగు ఉంటే పని చేస్తున్నట్టే. పూత మొదలవుతుండగా కలియదున్ని, రెండు వారాలు ఆగి నారు నాటుకోండి.

వచ్చే పంటకు గడ్డిని లోపల కలపకుండా నేల మీద రెండు మూడు అంగుళాల మందాన పరవండి. అప్పుడు మట్టికి తగిలే పలుచని పొరలోనే నత్రజని లాగుడు ఉంటుంది, వేళ్ల దాకా రాదు. తేమ నిలుస్తుంది, కలుపు తగ్గుతుంది. గడ్డిలోని పొటాష్ నీటిలోనే కరిగి మట్టిలోకి దిగుతుంది. కాండం చుట్టూ బెత్తెడు ఖాళీ వదలండి. ముసురు రోజుల్లో నత్తలు చేరుతాయి, అప్పుడు పొరను పలుచన చేయండి. రంపపు పొట్టును నడిచే దారుల్లో వేయండి, లేదా పేడ, పచ్చి ఆకులతో కలిపి కంపోస్టు కుప్పలో వేసి బాగా చివికాకే వాడండి.

పసుపుబారిన పాత ఆకులు మళ్లీ పచ్చబడవు, వాటిని చూసి దిగులు పడకండి. కొత్త చిగుళ్లను గమనించండి. మూడు వారాలకూ అవి పాలిపోయే ఉంటే పై ఆకు, కింది ఆకు, కడిగిన వేళ్లు మూడూ కనిపించేలా ఫోటో తీసి పంపండి, మట్టి పరీక్ష కూడా చేయించండి.